మూడు వేళ్ళ సందు

కారంపూడి,
12 ఆగస్టు 1962.

తమ్ముడు రాజారత్నానికి అక్క గ్రేసమ్మ దీవించి రాయునది.

ఇక్కడ అందరం కుశలం అని రాయాలి గనక రాశాను. ఇప్పుడు నిజం రాస్తాను. మీ బావ కుశలంగా లేరు. ఆయన కారు అంతకంటే కుశలంగా లేదు.

మిషను దొరగారు తమ దేశం వెళ్ళిపోతూ తాళంచెవి మీ బావ చేతిలో పెట్టి, "కోటయ్యా, ఇది ముసలిది, మెల్లగా నడుపు" అన్న రోజు నువ్వూ అక్కడే ఉన్నావు. ముప్పై ఎనిమిదో సంవత్సరపు మోరిసు బండి. ఈ పల్నాటి రాళ్ళ మీద ఇన్నేళ్ళు నడిచిందంటే దేవుడి దయ. ఇప్పుడు దాని వెనక భాగం పొదిగే కోడిలా నేలకు కూర్చుంది. ఆయిలింజన్లు బాగుచేసే అలీ సాహెబు కిందకి దూరి చూసి, చేతులు తుడుచుకుంటూ బయటికి వచ్చి, "అమ్మగారూ, వెనక కమాను పట్టీల్లో రెండు ఇరిగినై, మిగతాయి సచ్చినై. ఈ బండిని ఇంకా నడుపుతున్న అయ్యగారికి దండం పెట్టాల" అన్నాడు.

మొన్న బొల్లాపల్లి నుంచి వస్తూ ఒక గుంతలో దభీమని పడి మీ బావ నడుము పట్టేసింది. నాలుగు రోజులు మంచం దిగలేదు. నీకు రాయొద్దన్నారు. అందుకే రాస్తున్నాను.

అసలు సంగతి ఇది కాదు. నరసరావుపేట మిషను కమిటీవారి దగ్గర నుంచి ఉత్తరం వచ్చింది. డిసెంబరులో కోత పండుగ నాటికి కారు ఊళ్ళు తిరిగేటట్టు లేకపోతే దాన్ని అమ్మేస్తారట. పాస్టరుగా ఉన్న మీ బావని నరసరావుపేటలో పుస్తకాల గదికి మారుస్తారట. ఆయన నాలుగు ఊళ్ళూ ఇంకొకరికి అప్పజెప్తారట. పద్దెనిమిదేళ్ళుగా తిరిగిన ఊళ్ళు! "పోనీలెండి, నడుముకి కుర్చీ మంచిదేగా" అన్నాను. ఆ పూట అన్నం ముట్టలేదు. ఎద్దుబండి కట్టించుకుని తిరుగుతానంటారు. ఆ నడుముతో ఎద్దుబండి ఎక్కితే కమిటీవారి దాకా పోనక్కర్లేదు, నేనే ఆయన్ని మంచానికి కట్టేస్తాను.

సాగర్ డ్యాం దగ్గర లారీలు, బుల్డోజర్లు బాగుచేసే ఫిట్టరువి. అక్క మొగుడి కారు బాగుచెయ్యలేవా?

నీ అక్క,
గ్రేసమ్మ

*

విజయపురి సౌత్,
18 ఆగస్టు.

అక్కా,

నీ ఉత్తరం వర్క్‌షాపులోనే చదివాను. బావ అన్నం మానేశారన్న చోట నవ్వాను, నడుము చోట నవ్వలేదు. వెంటనే వద్దామనుకుని సెలవు అడిగాను. మా ఫోర్‌మన్ నన్ను ఎగాదిగా చూసి, "నువ్వు తిరిగొచ్చేదాకా కృష్ణా నదిని ఆగమని చెప్పి పో" అన్నాడు. ఇక్కడ మూడు షిఫ్టుల పని. ఎవరికీ సెలవు లేదు. కాబట్టి ఇక్కడి నుంచి బుర్ర నాది, అక్కడ చేతులు అలీ సాహెబువి, మధ్యలో టేపు పట్టుకునేది నువ్వు.

ఆ మోడలు కమాన్లు కంపెనీవాళ్ళు చేయడం మానేసి ఏళ్ళయింది. బయటివాళ్ళు చేసి అమ్మే సరుకు చూడాలి. అందుకు కొలతలు కావాలి. కమాను అంటే ఒకదాని కింద ఒకటి పేర్చి బిగించిన ఉక్కు పట్టీల కట్ట. అన్నిటికన్నా పొడుగు పట్టీకి రెండు కొసలా గుండ్రంగా చుట్టిన కన్ను ఉంటుంది. ఈ కన్ను నుంచి ఆ కన్ను దాకా ఎంతో కొలువు. పట్టీ వెడల్పు ఎంతో, ఒక్కో కట్టకి ఎన్ని పట్టీలో రాయి.

అన్నిటికన్నా ముఖ్యం, బండి వెనక ఎంత బరువు ఎక్కుతుందో రాయి. కమాను కథంతా బరువులోనే ఉంది. బరువు తక్కువ చెప్తే మళ్ళీ కూర్చుంటుంది, ఎక్కువ చెప్తే గాడిదలా తంతుంది. సిగ్గుపడకుండా నీ బరువు కూడా కలుపు.

రాజారత్నం

*

కారంపూడి,
25 ఆగస్టు.

ఒరేయ్ తమ్ముడూ,

నా బరువు నీకెందుకు? అలీ సాహెబుకి కూడా చెప్పలేదు.

దర్జీ మీరాబీ దగ్గర టేపు అరువు తెచ్చి కొలిచాం. కన్ను నుంచి కన్నుకి నలభై మూడు అంగుళాలు. వెడల్పు ఒకటీ ముప్పావు. కట్టకి ఏడు పట్టీలు, అందులో విరిగినవి ఎడమ పక్క రెండు. కొలుస్తుంటే వీధిలో వాళ్ళంతా వచ్చి నిలబడ్డారు. "అమ్మగారు కారుకి రవిక కుట్టిస్తున్నట్టుంది" అని ఎవరో అన్నారు. ఎవరో నాకు తెలుసు, వాళ్ళ సంగతి తర్వాత చూస్తాను.

బరువు సంగతి మీ బావని అడిగాను. ముందు సీట్లో తాను, పక్కన నేను, వెనక హార్మోనియం, పాటల పుస్తకాల పెట్టె, అంతేనని రాయమన్నారు. నేను రెండు సార్లు అడిగాను. "అంతే" అన్నారు. రాశాను.

నడుము కొంచెం నయం. మొన్న ఆదివారం కారంపూడిలోనే ఆరాధన చేసి ఊరుకున్నారు. మిగతా మూడు ఊళ్ళవాళ్ళూ కబురు మీద కబురు పంపుతున్నారు. కబురు వచ్చిన ప్రతిసారీ లేచి కారు చుట్టూ ఒకసారి తిరిగి వచ్చి పడుకుంటున్నారు.

గ్రేసమ్మ

*

విజయపురి సౌత్,
20 సెప్టెంబరు.

అక్కా,

గుంటూరు మోటారు సామాన్ల బజారు నుంచి తెప్పించిన రెండు కమాను కట్టలు, బోల్టులు, రబ్బరు బుష్షులు అంతోని లారీలో పంపుతున్నాను. అంతోని నా స్నేహితుడే, సిమెంటు కోసం వారానికోసారి మీ ఊరి మీదుగా పోతాడు. వాడికి అన్నం పెట్టు. ఎంత పెట్టినా తింటాడు, భయపడకు.

అలీ సాహెబుకి ఈ రెండు మాటలూ చదివి వినిపించు. ఒకటి, కమాను నడిమి బోల్టు సరిగ్గా నడిమిన ఉండదు, ఒక పక్క కురచ. తిరగేసి బిగిస్తే ఇరుసు వెనక్కి జరిగి చక్రం మడ్‌గార్డుకి రాసుకుంటుంది. ముందుకు రావలసిన కొసకి ఎర్రగుడ్డ కట్టాను. రెండు, బండి జాకీ మీద వేలాడుతుండగా కన్నుల్లో బోల్టులు గట్టిగా బిగించొద్దు. చేతికి వచ్చినంత బిగించి వదలాలి. చక్రాలు నేలకి దిగాక, రోజూ ఎక్కే బరువంతా ఎక్కించాక, అప్పుడు బిగించాలి. జాకీ మీదే బిగిస్తే లోపలి రబ్బరు మెలిపడిపోయి నెల తిరక్కుండా చిరుగుతుంది. ఇది తెలియని మెకానిక్కులు చానా మంది ఉన్నారు. నేనూ ఒకప్పుడు అందులో ఉన్నవాణ్ణే.

కాబట్టి బిగించేటప్పుడు నువ్వూ బావా హార్మోనియంతో సహా ఎక్కి కూర్చోండి.

రాజారత్నం

*

(కార్డు)

కారంపూడి,
28 సెప్టెంబరు.

తమ్ముడూ! లేచింది! బండి నడుం ఎత్తి నిలబడింది! మేము లోపల కూర్చుంటే అలీ సాహెబు కింద పడుకుని బిగించాడు. ఊరికే కూర్చోవడమెందుకని మీ బావ హార్మోనియం తీసి కీర్తన ఎత్తుకున్నారు. నాలుగో చరణానికి ఆఖరి బోల్టు బిగిసింది. అలీ సాహెబు కింద నుంచే, "ఇంకో చరణముంటే పాడండి అయ్యగారూ, ఇంకోసారి చూసుకుంటా" అన్నాడు. రేపే బొల్లాపల్లి ప్రయాణం. అంతోని నాలుగుసార్లు వడ్డించుకున్నాడు. గ్రే.

*

కారంపూడి,
15 అక్టోబరు.

రాజారత్నానికి,

దీవెనలు ఈసారి కొంచెం తక్కువ.

పోయేటప్పుడు పూలపల్లకీలా పోయింది. నిజం చెప్పాలి గదా. మీ బావ దారిపొడుగునా నిన్ను పొగిడారు. వచ్చేటప్పుడు గుంత వచ్చినప్పుడల్లా వెనక ఠాంగుమని ఇనుము ఇనుముకి కొట్టుకుంది. నాలుగో గుంతకి మీ బావ మాట ఆగిపోయింది. ఇంటికొచ్చి దిగడానికి ఇద్దరం పట్టుకోవాల్సి వచ్చింది. నడుము మళ్ళీ మొదటికొచ్చింది. వారం వారం ఇదే వరస. అలీ సాహెబు చూసి, "పట్టీలు మెత్తపడినై, సగం వంపు పోయింది" అన్నాడు.

కమిటీ సెక్రటరీ గారు ఆ మధ్య వచ్చి బండి చుట్టూ చూసి ఏమీ అనకుండా కాఫీ తాగి వెళ్ళారు. ఏమన్నా అని ఉంటే నేనూ ఏదో ఒకటి అని ఉండేదాన్ని.

నీ సరుకు నాసిరకమని అలీ సాహెబు అనలేదు. నేనంటున్నాను. కోత పండుగ ఇంక ఏడు వారాలే.

గ్రేసమ్మ

*

విజయపురి సౌత్,
20 అక్టోబరు.

ఏమేవ్ అక్కా,

నా సరుకు నాసిరకమా? నిన్న అంతోని వచ్చి చెప్పిన మాట విను. వాడి మాటలే రాస్తున్నాను: "మీ అక్కోళ్ళ కారు బొల్లాపల్లి దారిలో ఎదురొచ్చింది రా. వెనక అద్దాల్లో గోనెసంచులు తప్ప ఏం కనపళ్ళా. సంచుల మీద రెండు గుమ్మడికాయలు, వాటి మీద ఒక కోడి. మీ బావ ఎనక్కి చూడాలంటే ఆ కోడిని అడగాల."

హార్మోనియం, పాటల పుస్తకాల పెట్టె, అంతే! ఈ అంతేలోకి ఎన్ని సంచులు పట్టినై? పాస్టరమ్మవై ఉండి తమ్ముడికి అబద్ధం రాస్తావా? నేనక్కడ బరువు, బరువు అని మొత్తుకుంటుంటే వినపడలేదా?

సరే, కోపం కొంచెం తగ్గాక రాస్తున్నాను. నేనూ ఒకటి దాచాను. ఆ కట్టలు ఏడు పట్టీలవి కావు, ఆరువి. "ఏ బండికైనా సరిపోద్ది" అన్నాడు దుకాణంవాడు. మీరిద్దరే గదా, హార్మోనియమే గదా, ఆరు చాలనుకుని ఊరుకున్నాను. నువ్వు లెక్కపెడతావేమోనని భయపడ్డాను కూడా. లెక్కపెట్టలేదు.

ఆ సంచుల్లో ఏముందో, ఎంత ఉందో, తూచి రాయి. ఈసారి బావని అడక్కు, కాటాని అడుగు.

రాజారత్నం

*

కారంపూడి,
24 అక్టోబరు.

తమ్ముడూ,

ఆరు పట్టీలని నాకూ తెలుసు. అలీ సాహెబు లెక్కపెట్టాడు. నీ పరువు పోతుందని ఊరుకున్నాను. ఇప్పుడు ఇద్దరం సమానం.

ఆ సంచుల్లో ఉన్నది పిడికెడు బియ్యం. మన అమ్మ చేసింది నీకు గుర్తుండాలి. ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక పిడికెడు తీసి దేవుడి కుండలో వేసేది. ఈ నాలుగు ఊళ్ళలో మన సంఘం ఆడవాళ్ళంతా పూటపూటా తీస్తారు. పేరుకి బియ్యమే గాని బొల్లాపల్లి వైపు జొన్నలే. ఈ ఏడు అటు వాన లేదు. చేలు నెర్రెలు విచ్చాయి. అయినా కుండలు మాత్రం ఖాళీగా లేవు. వారానికో ఊరు చొప్పున ఆ కుండలన్నీ సంచుల్లోకి, సంచులన్నీ మన కారులోకి వస్తాయి. కొంత మా ఇంటికి, మిగతాది కోత పండుగనాడు వేలానికి.

మరి బరువు ఎందుకు రాయలేదంటావా? మీ బావ తూచనివ్వరు. ఆయన ఈ ఊళ్ళకి వచ్చిన కొత్తలో ఒక సంఘ పెద్ద ఇలాగే అందరి కుండలూ తూచి, ఎవరిది ఎంతో ఆరాధనలో లేచి చదివాడట. అందరికన్నా తక్కువ వచ్చిన ఒక ఆడమనిషి తల వంచుకుని వెళ్ళిపోయింది. మళ్ళీ చర్చి మెట్టు ఎక్కలేదు. మీ బావ మూడుసార్లు ఇంటికి వెళ్ళి పిలిచారట. రాలేదు. ఆ రోజు నుంచీ ఆయన ఉండగా పిడికెడు బియ్యం తూకం ఎక్కలేదు. నీ ఉత్తరం చదివి వినిపించాను. "దేవుడికిచ్చింది తూస్తే అది బేరమవుతుంది. బండి పోతే పోనీ" అన్నారు. ఆ మాట అంటూ కారు వైపే చూస్తున్నారు.

ఇప్పుడు చెప్పు, నేనేం చెయ్యను? ఆయన మాట కాదనలేను. బండి పోతే ఆయన ఉండలేరు.

గ్రేసమ్మ

*

విజయపురి సౌత్,
29 అక్టోబరు.

అక్కా,

ఆ తల వంచుకుని వెళ్ళినామె సంగతి చదివాక బావ మీద కోపం పోయింది. ఈ మాట ముందే చెప్పి ఉంటే ఆ బజారువాడి దగ్గరికి పోయేవాణ్ణే కాదు.

సంచులు తూచొద్దు. బండి ఎంత కుంగిందో కొలువు. ఇలా చెయ్యి. సంచులన్నీ బండిలో ఉండగానే చదునైన చోట నిలబెట్టు. వెనక ఇరుసుకీ పైనున్న చట్రానికీ మధ్య సందు ఉంటుంది. అందులో వేళ్ళు పెట్టి చూడు, ఎన్ని వేళ్ళు పడితే అన్ని. తర్వాత సంచులు దించి, వాటి బదులు రాళ్ళో ఇటుకలో సరిగ్గా అన్ని వేళ్ళ సందు వచ్చేదాకా ఎక్కించు. అప్పుడు ఆ రాళ్ళు తూచుకో. రాళ్ళని తూస్తే ఏ దేవుడూ ఏమీ అనుకోడు.

రాజారత్నం

*

కారంపూడి,
8 నవంబరు.

తమ్ముడూ,

ఈ ఉత్తరం పొడుగు. ఇంకా నవ్వుతూనే రాస్తున్నాను, అక్షరాలు చూసుకో.

నిన్న స్త్రీల కూడిక. నాలుగు ఊళ్ళ ఆడవాళ్ళూ పొద్దున్నే నడిచి వచ్చారు. మీ బావ వెనకాలే సంచుల బరువుతో, మనిషి నడకన, గుంతగుంతకీ ఆగి దణ్ణం పెట్టుకుంటూ వచ్చారు. బండిని మిరపకాయల షావుకారు కోటేశ్వరరావుగారి కళ్ళంలో నిలబెట్టాం. కాటా అక్కడే ఉంది గదా. అలీ సాహెబు కిందకి దూరి వేళ్ళు పెట్టి, "మూడు ఏళ్ళ సందు, నాయి లావు ఏళ్ళు" అన్నాడు. నావి కూడా పెట్టించాడు. నావి నాలుగు పట్టాయి. నువ్వు లెక్క వేసేటప్పుడు అలీ సాహెబు వేళ్ళే లెక్క.

సంచులు దించాం. రాళ్ళ కోసం చూస్తుంటే బొల్లాపల్లి మహాలక్ష్మమ్మ ముందుకొచ్చింది. బాప్తిస్మమప్పుడు పేరు మార్చుకోమంటే, "అలవాటైన పేరు, పిలిస్తే పలకాల గదా" అని ఆ పేరే ఉంచుకున్న మనిషి. "రాళ్ళెందుకమ్మగారూ, మేం లేమా? గింజలు మాయి, ఆటి బదులు మేం కూసోలేమా?" అంది. ఇంక చూడు గోల! కారెక్కుతామని ఒకరి మీద ఒకరు. ఫిలోమినా ముందు ఎక్కింది. "ఎన్నేళ్ళ సందు?" అని నేను, "ఆరేళ్ళు" అని కింద నుంచి అలీ సాహెబు. ఇంకొకరు. "అయిదున్నర." వెనక సీట్లో నలుగురు, వాళ్ళ కాళ్ళ దగ్గర ఇద్దరు. ఒకామె మోకాలు ఇంకొకామె పొట్టలో. లోపల నుంచి, "ఏమే, నా పైట నీ కింద ఉందే, లెయ్!" అని ఒకటే కేకలు. ఆరుగురు ఎక్కినా ఇంకా ఒక ఇసుమంత సందు ఎక్కువే ఉందన్నాడు అలీ సాహెబు. అప్పుడు మహాలక్ష్మమ్మ ఎక్కి ఫిలోమినా ఒళ్ళో కూర్చుంది. "ఆగండి! మూడేళ్ళు! ఎవురూ ఊపిరి పీల్చమాకండి!" అని అరిచాడు. అందరూ ఊపిరి బిగబట్టి, తర్వాత ఒక్కసారే పగలబడి నవ్వారు. బండి ఊయల ఊగింది.

మీ బావ కళ్ళం గట్టు మీద కూర్చుని చూస్తున్నారు. "మనుషుల్ని తూయొచ్చా?" అని అడిగాను. "తూయొద్దని నేనెప్పుడన్నాను?" అన్నారు. చాన్నాళ్ళకి నవ్వారు.

కోటేశ్వరరావుగారు కొత్తగా వచ్చిన కిలో రాళ్ళు పెట్టి ఒక్కొక్కరినీ కాటా ఎక్కించారు. "మిరపకాయలైతే తాలు తీసి తూస్తాం. మీలో తాలెంత?" అన్నారు. "తాలంతా మా ఇళ్ళకాడ మంచాల మీదుంది, మేం గట్టి కాయలమే" అంది ఫిలోమినా. ఎక్కేముందు ప్రతి ఒక్కరూ కాటాకి దణ్ణం పెట్టారు. రాసుకో: యాభై రెండు, నలభై ఏడు, నలభై నాలుగు, నలభై తొమ్మిది, నలభై ఒకటి, ముప్పై ఎనిమిది.

మహాలక్ష్మమ్మ ముప్పై ఒకటి. కోటేశ్వరరావుగారు రాయి తప్పు పెట్టానేమోనని తీసి మళ్ళీ పెట్టి చూశారు. ముప్పై ఒకటే. "నన్ను తూసేదానికి ఇన్ని రాళ్ళా!" అని ఆమె నవ్వింది గాని ఇంకెవరూ నవ్వలేదు.

మొత్తం మూడు వందల రెండు కిలోలు. ఆ కాగితం పోకుండా మీ బావ బైబిల్లో పెట్టాను. పండుగకి నాలుగు వారాలు కూడా లేవు. త్వరగా.

గ్రేసమ్మ

*

విజయపురి సౌత్,
16 నవంబరు.

అక్కా,

మూడు వందల రెండు! హార్మోనియం, పాటల పుస్తకాల పెట్టె, అంతే!

మా కమ్మరి యల్లమందతో, ఫోర్‌మన్‌ని అడిగి, పారేసిన లారీ పట్టీ కోయించాను. కాల్చి, వంపు కొట్టి, నూనెలో ముంచి పదును పెట్టి, కట్టకి రెండు చొప్పున నాలుగు పట్టీలు చేశాడు. ఎందుకు ఎవరికి అని అడిగాడు. చెప్పాను. కూలి ఏమన్నా తీసుకోమంటే, "ఏడుగురు ఆడోళ్ళు కూసున్న లెక్కకి నేను సుత్తి కూడా ఎయ్యకపోతే ఎట్టా?" అన్నాడు. అంతోని ఆదివారం తెస్తాడు. పాత ఆరూ, ఈ రెండూ కలిపి బిగించాలి. బోల్టుల సంగతి మర్చిపోవద్దు, బరువు ఎక్కించాకే.

ఒక్క మాట. ఇది మూడు వందల కిలోలకి తయారైన కమాను. బరువుంటే వెన్నలా పోతుంది. ఖాళీగా పోతే ఎగరేసి తంతుంది. వచ్చేటప్పుడు బావకి హాయి, పోయేటప్పుడు నరకం. అందుకని పోయేటప్పుడు నాలుగు ఇసుక బస్తాలు వెనక వేసుకుని, ఊళ్ళో పారబోసి, గింజలు నింపుకుని రండి. నడుము నిలవాలంటే ఇది తప్పదు.

రాజారత్నం

*

కారంపూడి,
5 డిసెంబరు.

తమ్ముడు రాజారత్నానికి, దీవెనలు నిండుగా, కాటా విరిగేటట్టు.

కోత పండుగ అయింది. కమిటీ సెక్రటరీ గారు వచ్చారు. మీ బావ ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకుని బొల్లాపల్లి పోయి వచ్చారు. పోను రాను ఒక్కసారి కూడా ఠాంగుమనలేదు. సెక్రటరీ గారు దిగి బట్టలు దులుపుకుని, "బండి ఇక్కడే ఉంటుంది, మీరూ ఇక్కడే ఉంటారు" అన్నారు. ఈసారి కాఫీ రెండు గ్లాసులు ఇచ్చాను.

ఇది కాదు రాయాలనుకున్నది.

ఆ ప్రయాణానికి ముందురోజు ఇసుక తోలించాను, నువ్వు చెప్పినట్టే. మీ బావ పొద్దున్నే బైబిలు తెరిచారు. ఆ కాగితం కనపడింది. చానాసేపు చూశారు. నేను వంటింట్లోంచి చూస్తున్నాను. వేలు పెట్టి ఒక్కో అంకె కిందా గీసుకుంటూ పోయి ఆఖరి ముప్పై ఒకటి దగ్గర ఆగారు. తర్వాత లేచి బయటికి వచ్చి, "గ్రేసమ్మా, ఈ ఇసుక ఎందుకు?" అన్నారు. బండికి బరువు కావాలట, తమ్ముడు రాశాడు అన్నాను. "బరువే గదా కావలసింది. ఇంట్లో గింజలున్నై గదా" అన్నారు.

నాకు ఒక్క క్షణం అర్థం కాలేదు. అర్థమయ్యాక గింజల గది తలుపు తీశాను. ఇసుక దించి మా వంతు సంచులు ఎక్కించాం. మాకు ఒకటి ఉంచుకున్నాను, అది చాలు.

ఊళ్ళో ఏం చెప్పారో తెలుసా? కారు ఆపి అందరినీ పిలిచి, "ఈ కమాన్లకి బరువు లేకపోతే బండి నడవదంట. మా బావమరిది ఇంజనీరు, ఆయన మాట. ఇంటికి మళ్ళీ మోసుకుపోలేను, దించుకోండి" అన్నారు. నువ్వు ఇంజనీరువి ఎప్పుడయ్యావో నాకు తెలియదు. ఎవరూ తల వంచుకోలేదు. బండికి సాయం చేస్తున్నట్టే చేటలు తెచ్చి దించుకున్నారు. ఎవరికి ఎంతో మీ బావ చూడలేదు, అటు తిరిగి నిలబడ్డారు. జొన్న చేతికొచ్చేదాకా పిడికెడు తీయొద్దని కూడా చెప్పారు. ఆ మాటకి మాత్రం ఆడవాళ్ళు ఎదురు తిరిగారు. "సరే, చిటికెడు తీయండి" అని ఒప్పించారు.

నీ ఇసుక నా పెరట్లో ఉంది. కావాలంటే పంపుతాను.

గ్రేసమ్మ

*

(కార్డు)

విజయపురి సౌత్,
12 డిసెంబరు.

అక్కా, ఇదెక్కడి లెక్క! పోయేటప్పుడు నిండుగా, వచ్చేటప్పుడు ఖాళీగానా? అయితే వచ్చేటప్పుడు బావ నడుము ఏం కాను? కట్టకి ఒక పట్టీ తీసేయిస్తే మెత్తబడుతుంది. ఊఁ అను, అలీ సాహెబుకి ఎలా తీయాలో రాస్తాను. నీ కార్డు రాగానే. యల్లమందకి నీ ఉత్తరం చదివి వినిపించాను. మళ్ళీ చదవమన్నాడు. రా.

*

కారంపూడి,
17 ఫిబ్రవరి 1963.

తమ్ముడూ,

నీ కార్డుకి జవాబు రెండు నెలలు ఆలస్యం. పట్టీ తీయించమని నేను, వద్దని మీ బావ. మా ఇంట్లో ఇంతకన్నా పెద్ద తగువు ఎన్నడూ లేదు. పోయేటప్పుడు ఇటు ఊళ్ళ పిడికెడు గింజలు బొల్లాపల్లికి మోసుకుపోయి, వచ్చేటప్పుడు కారు ఖాళీగా రాళ్ళ మీద మేకపిల్లలా గెంతుతూ వస్తోంది. మీ బావ కింద దిండు, వీపుకి దిండు పెట్టుకుని నడుపుతున్నారు. ఇంటికొచ్చాక వేణ్ణీళ్ళ కాపడం పెడుతున్నాను. మంచం ఎక్కడం మాత్రం ఒక్క రోజు కూడా లేదు. నాలుగు ఊళ్ళూ తప్పకుండా తిరుగుతున్నారు.

ఇంకో సంగతి. మహాలక్ష్మమ్మ కూడికకి వచ్చినప్పుడల్లా నేరుగా కోటేశ్వరరావుగారి కళ్ళానికి పోయి, ఎవరూ పిలవకుండానే కాటాకి దణ్ణం పెట్టి ఎక్కుతోంది. మిరపకాయల టిక్కీ బస్తాలు పక్కకి నెట్టి ఆయన రాళ్ళు పెడుతున్నారు. నిన్న ముప్పై నాలుగు. కళ్ళం దగ్గర నుంచి ఇక్కడి దాకా అరుచుకుంటూ వచ్చింది, "అయ్యగారూ, మూడు కిలోలు ఎక్కువొచ్చా! మీ బండి కుంగుద్దేమో సూసుకోండి!" అని.

మీ బావ కింద ఏదో రాస్తారట. పద్దెనిమిదేళ్ళలో నీకు ఆయన రాసే మొదటి ఉత్తరం, దాచుకో.

గ్రేసమ్మ

రాజారత్నం,
కమాన్లు బాగున్నవి. పోయేటప్పుడు మెత్తగా పోతున్నాను. వచ్చేటప్పుడు తంతున్నది. మీ అక్క ఒక పట్టీ తీయించమంటున్నది. తీయొద్దు.
కోటయ్య